పేటలో ముహూర్తం, నందిగామలో పడిగాపులు

కొబ్బరికాయ సరిగ్గా రెండు చెక్కలైంది. నీళ్ళు మాత్రం మూడొంతులు యజమాని పార్థసారథి చొక్కా మీద, ఒక వంతు కీబోర్డు మీద పడ్డాయి.

"తుడువమ్మా, తుడువు! తీర్థం కాదది, షార్ట్ సర్క్యూటు!" అని ఆయనే అరిచాడు, ఆయనే నవ్వాడు.

వైదేహి చున్నీ కొసతో కీబోర్డు తుడిచింది. బుధవారం, ఉదయం పది గంటల పదిహేను నిమిషాలు. ముహూర్తానికి ఇంకా రెండు నిమిషాలున్నాయి. జగ్గయ్యపేట మెయిన్ బజారులో బట్టల కొట్టు మేడ మీద సౌభాగ్య కోల్డ్ స్టోరేజీ వారి ఆఫీసు అది. స్టోరేజీ ఇక్కడ లేదు, నందిగామలో ఉంది. మిరపకాయలు అక్కడ, మిరియాలు నూరడం ఇక్కడ.

కంప్యూటర్‌కి పసుపు బొట్టు పెట్టారు. మౌస్‌కి కూడా పెట్టారు గాని అది వేళ్ళకి అంటుకుని, వేళ్ళనుంచి వైదేహి ముక్కుకి అంటుకుని, చివరికి ఆమే శుభలేఖలా తయారైంది. ఆ యంత్రంలోకి ఈ రోజు ఇరవై రెండేళ్ళ పాత రిజిస్టర్లు ఎక్కాలి. ఏ రైతు, ఏ ఊరు, ఎన్ని బస్తాలు, ఏ గది, ఏ అర, ఎప్పుడొచ్చాయి, ఎప్పుడెళ్ళాయి. మూడు నెలలు కూర్చుని టైపు చేయిస్తే ఆరు లక్షల వరసలు తేలాయి. రైతు పేరు కొడితే వాళ్ళ తాత తెచ్చిన బస్తాలు కూడా తెర మీద కనపడాలని పార్థసారథి ముచ్చట.

"సాయంత్రం గేటు మూసేశాక ఎక్కిస్తే మంచిదండి" అని వైదేహి వారం కిందటే చెప్పింది. పార్థసారథి తల్లి సౌభాగ్యమ్మగారు పంచాంగంలోంచి తలెత్తకుండానే కొట్టిపారేసింది. "దీపాలు పెట్టాక కొత్త పనేంటి అమ్మాయ్?"

"పోనీ కాసిని కాసిని ఎక్కిద్దామండీ. మధ్యమధ్య ఆగుతా."

"తాళికి మూడు ముళ్ళూ మూడు రోజులు వేస్తారా?"

అంతటితో సరి. ఆరు లక్షల వరసలూ ఒకే ముడి. అది పూర్తయ్యేదాకా పుస్తకం మొత్తానికి యంత్రం తాళం వేసుకుంటుందని, పాత వరసలూ కొత్త వరసలూ ఉండేది ఒకే పుస్తకంలోనని, నందిగామ గేటులో బస్తాలకి రాసే ప్రతి పాసూ అందులోకే రావాలని వైదేహికి తెలుసు. చదువుకున్న చదువు నాలుక చివరిదాకా వచ్చింది. నాలుగు నెలల కొత్త ఉద్యోగం పళ్ళు బిగించి దాన్ని ఆపేసింది.

"పది పదిహేడు! కొట్టమ్మా!"

కొట్టింది. పార్థసారథి ఫోటో తీసి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కొబ్బరి చెక్కలు, కంప్యూటర్, పసుపు ముక్కుతో వైదేహి. కింద ఆరు దండాలు వచ్చాయి.

పది ముప్పై ఒకటికి ఫోను మోగింది. నందిగామ గేటు గుమాస్తా సైదా.

"వైదేహమ్మా, తెర మీద చక్రం తిరగతా ఉంది. ఆగట్లా. పాసు పోవట్లా."

వైదేహి తన తెర మీద ఇంకో కిటికీ తెరిచింది. ఎవరి వెనక ఎవరు ఆగారో చూపించే జాబితా అది. అన్నిటికన్నా ముందు ఆమె ఎక్కిస్తున్న పాత వరసల లోడు. దాని వెనక నందిగామ గేటు. లోడు లేస్తే గాని గేటు లేవదు.

"నెట్ స్లోగా ఉన్నట్టుందండి. కాస్త ఆగండి" అంది.

"ఆగుతాంలే అమ్మా. బయట లారీలు కూడా ఆగినయ్యి. అందరం కలిసే ఆగుతాం" అన్నాడు సైదా. ఆ మాటలో వెటకారం ఉందేమోనని ఆమె వెతికింది, దొరకలేదు. దొరికి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

మధ్యాహ్నం రెండు దాటి పది నిమిషాలకి లోడు తనంతట తనే పడిపోయింది. లక్షా అరవై వేల చిల్లర దగ్గర ఒక వరసలో 'వివరాలు' అన్న గడి పట్టనంత పొడుగుందట. వైదేహి ఆ వరస తీసి చూసింది. రెండు వేల ఎనిమిది, ఏప్రిల్. సైదా రాసిందే. పాత రిజిస్టర్లన్నీ ఆయన చేతి రాతే, టైపు చేసినవాళ్ళు ఉన్నదున్నట్టు దింపారు.

'వీరులపాడు రైతు. భార్య కాన్పుకి ఆసుపత్రిలో ఉంది. వరస వచ్చేదాకా ఉండలేడు. ముందు పంపాను. వెనకున్న పదకొండు మంది ఒప్పుకున్నారు. వారి పేర్లు...' అని పదకొండు పేర్లూ, ఇంటిపేర్లతో, ఊళ్ళతో సహా. అదీ ఆ పొడుగు.

ఆమెది వీరులపాడు పక్క ఊరే. ఆ పేర్లలో రెండు ఇంటిపేర్లు తమ వీధివి. చిన్నప్పుడు ఆ వీధిలో ఇంటిముందు పట్టాల మీద ఎండు మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉంటే వాటిని తొక్కకుండా బడికి వెళ్ళడం ఒక విద్య. ఇంటికొచ్చి కళ్ళు నులుముకోకుండా ఉండటం ఇంకా పెద్ద విద్య. వైదేహి ఆ పదకొండు పేర్లూ పైకి చదివింది. పక్కన ఎవరూ లేరు.

లోడు పడిపోయినంత మాత్రాన తాళం ఊడదు. యంత్రానికి పట్టింపు ఎక్కువ. పని సగంలో చెడితే అప్పటిదాకా ఎక్కించిన ప్రతి వరసనీ వెనక్కి దించుతుంది. ఎక్కడానికి ఎంతసేపో దిగడానికీ దాదాపు అంతసేపు. సాయంత్రం ఆరింటికి గాని నందిగామ గేటు కదల్లేదు.

గురువారం పొద్దున్నే పార్థసారథి బల్ల మీదికి గేటు రిపోర్టు వచ్చింది. పాసు తెరిచిన దగ్గర్నుంచి ముగిసేదాకా ఎంతసేపు పట్టిందో యంత్రమే కొలిచి చెబుతుంది. ఎందుకు పట్టిందో మాత్రం చెప్పదు.

"ఒక్క పాసుకి ఏడు గంటల నలభై ఏడు నిమిషాలు!" పార్థసారథి కాగితాన్ని విసనకర్రలా ఊపాడు. "ఈ లోపల మిరపకాయ మళ్ళీ నారు పోసి కాయించొచ్చు! రైతులు నా ఫోను పేల్చేశారు. సైదా వేళ్ళు మొద్దుబారినయ్యమ్మా. రిజిస్టర్ రాసినన్నాళ్ళు మహారాజు. కంప్యూటర్ పెట్టగానే సైదా కాస్తా సైడయ్యాడు."

తన చమత్కారానికి తనే నవ్వి, సొరుగులోంచి ఇంకో కాగితం తీశాడు. మెమో. సంతకం ఒక్కటే తక్కువ.

"సోమవారం నుంచి మా బావమరిది తరఫు మనిషిని కూర్చోబెడదాం. ఊరికే తీసేశారని రైతులు అనకూడదు గదా. నువ్వు రేపెళ్ళి సైదా పక్కన కూర్చుని చూసి, పనికొస్తాడా రాడా అని రెండు ముక్కలు రాసివ్వు."

వైదేహి నోరు తెరిచింది. "అదికాదండీ, నిన్న..."

"ఆఁ, నిన్నటిది పాడైపోయిందిగా, అమ్మ మళ్ళీ ముహూర్తం చూసింది. రేపు శుక్రవారం తొమ్మిది నలభై. నువ్వు లేకపోయినా దానంతట అదే మొదలయ్యేట్టు పెట్టగలవా?"

"పెట్టగలనండి" అంది. తెరిచిన నోటికి ఏదో ఒక పని చెప్పాలి గదా. మెమో మీద పేరు సైదాది. ఏడు గంటల నలభై ఏడు నిమిషాలు తనవి. రెండూ ఒకే బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి, మధ్యలో పేపర్ వెయిట్.

ఆ సాయంత్రం 'వివరాలు' గడి వెడల్పు పెంచింది. "ఆ సోదంతా కత్తిరించి పారెయ్" అని పార్థసారథి అన్నాడు గాని ఆ ఒక్క మాట మాత్రం ఆమె వినలేదు.

శుక్రవారం ఆమె తొలి బస్సెక్కింది. చిల్లకల్లు టోల్ గేటు దాటేసరికి ఎండ వచ్చేసింది. ఏడున్నరకల్లా నందిగామ స్టోరేజీ గేటులో దిగి, దిగీ దిగగానే తొమ్మిది తుమ్ములు తుమ్మింది.

"పది కాకుండా ఆపావు, గట్టిదానివే" అన్నాడు సైదా. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పల్చగా ఉంటాడు. మెడలో తువ్వాలు, చెవి వెనక పెన్ను. కంప్యూటర్ వచ్చినా పెన్ను మాత్రం చెవి దిగలేదు. "కూర్చో అమ్మా. తువ్వాలు కావాలా? ఇక్కడ ఘాటుకి అలవాటు పడితేనే గేటు."

ఇనుప చువ్వల కిటికీ, దాని ముందు అరుగు. అరుగు కింద రైతులు, లారీల వాళ్ళు, తలపాగాల్లో హమాలీలు. గదుల తలుపు తెరిచినప్పుడల్లా చల్లటి పొగ బయటికొచ్చి ఎండలో కరిగిపోతోంది. వైదేహి ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని ఫోనులో నిమిషాలు కొలవడం మొదలుపెట్టింది.

మొద్దుబారిన వేళ్ళట! సైదా రైతు మొహం చూస్తూనే ఊరు కొట్టేవాడు. పేరు అడిగేలోపు అర నంబరు కొట్టేవాడు. "అమ్మమ్మకి మోకాళ్ళెట్టా ఉన్నయ్యిరా?" అని అడిగి, జవాబు వచ్చేలోపు పాసు చేతిలో పెట్టేవాడు. ఒక్కో పాసుకి యాభై సెకన్లు, అందులో పది మోకాళ్ళకి. తొమ్మిది నలభై లోపల తొంభై నాలుగు పాసులు లెక్కపెట్టింది.

తొంభై అయిదోది వత్సవాయి రైతు ఎడ్విన్‌ది. సైదా వేలు నొక్కింది. తెర మీద చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది.

వైదేహి గడియారం చూడలేదు. చూడక్కర్లేదు.

"ఏంది బాబాయ్, మళ్ళా బొంగరమా?" ఎడ్విన్ చువ్వలు పట్టుకుని తొంగి చూశాడు. "బుధవారం ఇట్టానే పొద్దు గుంకిందాకా తిప్పావు. హమాలీలకి ఆ రోజు కూడా టిఫిన్లు పెట్టించా. ఇట్టయితే బస్తాల్లో కాయలు నేనే బజ్జీలేసి పెడతా."

"ఎండు మిరపకాయకి బజ్జీలేందిరా, చట్నీ చెయ్" అన్నాడు సైదా.

నవ్వులొచ్చాయి. వెనకనుంచి ఒక గొంతు మాత్రం నవ్వలేదు. "ముసలాయనకి ఆ పెట్టె చేతకాట్లా. ఇంకోణ్ణి పెట్టొచ్చు గదా."

సైదా విననట్టు తువ్వాలు సర్దుకున్నాడు. బల్ల కిందినుంచి ఎర్రబట్ట అట్ట పాత రిజిస్టర్ ఒకటి తీసి, చెవి వెనక పెన్ను తీసి, ఒక గీత గీసి ఏదో రాసుకున్నాడు. వైదేహి తన తెర చూసింది. జాబితాలో మొదట తన లోడు, వెనక నందిగామ గేటు. తలెత్తి కిటికీలోంచి చూసింది. అదే జాబితా, ఈసారి మనుషులు. నెత్తిన తువ్వాళ్ళతో, చంకలో సంచులతో, నీడ కోసం లారీ పక్కకి జరుగుతూ.

"ఏం రాస్తున్నారండీ?"

"ఊరికే. అలవాటు చావదు."

ఆమె తలవంచి చదివింది. 'బుధ. 10.17 ఆగింది. సా. 6.04 వదిలింది. పేటలో 10.17కి కొబ్బరికాయ కొట్టారు. శుక్ర. 9.40 ఆగింది.' కొబ్బరికాయ దగ్గర పెన్ను రెండుసార్లు దిద్దినట్టుంది, నల్లగా ఉంది.

వైదేహి చెవులు వేడెక్కాయి. "మీకు తెలుసా?"

"ఫోటో వచ్చింది గదమ్మా గ్రూపులో. పది పదిహేడుకి మీరు కొట్టారు, పది పదిహేడుకి ఇది ఆగింది. దీనికి చదువెందుకు?"

"నేను నెట్ స్లో అన్నాను."

"అన్నావు."

"అయ్యగారికి చెప్పొచ్చు గదండీ? మిమ్మల్ని... నన్నెందుకు పంపారో తెలుసా?"

"తెలుసు. చెబితే ఏమైద్ది? మెమో నీకొచ్చిద్ది. నీకింకా నాలుగు నెల్లే. నాకు పేరు పోయినా మనుషులకి మొహం గుర్తుంటది. నీకింకా పేరే రాలా." సైదా రిజిస్టర్ మూశాడు. "ఒక్కటడగనా? అన్నీ ఒకేసారి ఎక్కించాలని ఎవరు చెప్పారు?"

"ముహూర్తం ఒకటే గదండి."

సైదా నవ్వాడు. పక్కనున్న చెక్క పెట్టె మీద చేత్తో కొట్టాడు. అందులో పాత రిజిస్టర్లు ఉండేవి, ఇప్పుడు కంప్యూటర్ డబ్బాలున్నాయి.

"మేమూ ఎక్కించాం అమ్మా. ఏడాదికోసారి కొత్త పుస్తకం వచ్చేది. పాత పుస్తకంలో ఇంకా మిగిలిన బస్తాలన్నీ కొత్తదాంట్లోకి దింపాలి. రెండు వేలో, మూడు వేలో వరసలు. పుస్తకాలు నా ఒళ్ళో ఉంటే కిటికీ అవతల మనిషికి పని జరగదు గదా. అందుకని పది వరసలు రాసేవాణ్ణి. తలెత్తేవాణ్ణి. 'ఎవరన్నా ఉన్నారా?' ఉంటే వాళ్ళ పేజీ తీసి, పని చూసి పంపేవాణ్ణి. లేకపోతే మళ్ళీ పది."

"చాలా రోజులు పట్టేదేమో గదా?"

"ఏకబిగిన కూర్చుంటే మూడు రోజులు. ఇట్టా అయితే పది. పెద్దాయన, ఇప్పటి అయ్యగారి నాన్న, ఒకసారి వచ్చి అడిగాడు, 'ఏరా, కొత్త పుస్తకం మొదలెట్టవేంరా?' అని. అప్పటికి సగం అయిపోయింది. అంతకంటే మెప్పు నాకింతవరకు రాలా." కాసేపు చువ్వలకేసి చూశాడు. "సిరా వాసన, మిరప ఘాటు, ఆ కొత్త కాగితం. వేసవంటే అదే నాకు. ఇప్పుడు చక్రం చూస్తా కూర్చోవడమే."

బయట ఎడ్విన్ లారీ డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. ఆ చప్పుడు ఆగగానే వైదేహికి గడియారం గుర్తొచ్చింది. తొమ్మిది యాభై ఎనిమిది. లోడు మొదలై పద్దెనిమిది నిమిషాలు. ఇప్పుడాపితే దిగడానికీ ఇంచుమించు అంతే. ఇంకో గంట ఆలోచిస్తే ఇంకో గంట. ఆలోచనకి ఇంత అద్దె ఆమె ఎన్నడూ కట్టలేదు.

ఆపేసింది.

పది పదిహేనుకి చక్రం ఆగింది. ఎడ్విన్ పాసు బయటికొచ్చింది. "బాబాయ్, బొంగరం పడిపోయింది!" అని అరిచాడతను. సైదా ఆమె వైపు ఒక్కసారి చూసి, తొంభై ఆరో మనిషి మొహంలోకి తొంగి చూశాడు.

పదీ ఇరవైకి ఫోను. పార్థసారథి కాదు, సౌభాగ్యమ్మగారు. "అమ్మాయ్, ఆగిందంటున్నారు. నీళ్ళేమన్నా పడ్డాయా?"

"లేదండి. నేనే ఆపాను."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినపడింది.

శనివారం వైదేహి రిపోర్టు రెండు ముక్కలు కాలేదు, తొమ్మిది వాక్యాలైంది. పార్థసారథి కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చదివాడు. సైదా పాసుకి యాభై సెకన్లు తీసుకుంటాడని ఉంది. ఆలస్యం రెండు రోజులూ లోడు వల్లనే అని ఉంది. చివరి వాక్యం: 'బుధవారం సైదాగారు ఫోను చేసినప్పుడు నాకు కారణం తెలిసి కూడా నెట్ స్లో అని అబద్ధం చెప్పాను.'

"అంటే మా అమ్మ ముహూర్తం తప్పంటావా?"

"కాదండి. పని ఒకేసారి పెట్టకూడదని నాకు తెలుసు. గట్టిగా చెప్పలేదు. అది నా తప్పు."

"ఈ ఆఖరి ముక్క రాయకపోతే నాకెట్టా తెలుస్తది?"

"తెలియదండి."

పార్థసారథి సొరుగు లాగి మెమో తీశాడు. సైదా పేరు మీద అడ్డంగా గీత గీశాడు. "ఎట్టాగూ టైపు చేయించా, కాగితం దండగ" అంటూ పైన వైదేహి అని రాశాడు. 'పని ఆలస్యం చేసినందుకు' అన్నచోట మార్చాల్సింది ఏమీ లేదని చూసుకుని సంతకం చేశాడు. "మెమో అంటే ఏమో అనుకునేవు. ఇది ఫైల్లో ఉంటది. ఇంకోటొచ్చిందంటే ఆ మనిషిని నీ కుర్చీలో కూర్చోబెడతా."

వైదేహి కింద సంతకం పెట్టింది. "సైదాగారు?"

"ఉంటాడు. మా బావమరిదికి ఏదో ఒకటి చెప్పుకుంటాలే." ఆయన కిటికీలోంచి బజారు చూస్తూ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "చిన్నప్పుడు సెలవులిస్తే నాన్న నన్ను ఆ గేటు దగ్గరే వదిలేసేవాడు. సైదా నా చేత పేర్లు చదివించేవాడు. చదువు రాని రైతులకి నేనే చదివి చెప్పేవాణ్ణి, పెద్ద ఆఫీసర్ననుకునేవాణ్ణి." మెమోని ఫైల్లో పెట్టాడు. "ఎట్టా ఎక్కిస్తావో నీ ఇష్టం. అమ్మకి నేను చెప్తా. అవి పాత బస్తాలు, ఎప్పుడో ముహూర్తాలు చూసుకునే వచ్చినయ్యి, మళ్ళీ ఎందుకూ అంటా."

సోమవారం. కొబ్బరికాయ లేదు, పసుపు లేదు, ఫోటో లేదు. ఎనిమిదింటికి గేటు తెరిచారు. ఎనిమిదీ అయిదుకి వైదేహి లోడు మొదలుపెట్టింది. అయిదు వందల వరసలు ఎక్కుతాయి, తాళం వదులుతాయి, ఎవరన్నా ఉంటే వెళ్ళనిస్తాయి, మళ్ళీ అయిదు వందలు. ఇట్టా అయితే బుధవారం దాకా పడుతుంది. ఆమె ఆగినవాళ్ళ జాబితా తెరిచి పెట్టుకుని కూర్చుంది. అప్పుడప్పుడూ ఒక పేరు వచ్చేది, చదివేలోపు పోయేది.

పదకొండున్నరకి ఫోను మోగింది.

"వైదేహమ్మా, అయ్యగారు ఫోను చేసి గేటులోనే కూర్చోమన్నాడు. ఎప్పుడూ లేంది, బాగున్నావా అని కూడా అడిగాడు. నిన్నేమన్నా అన్నాడా?"

"ఏమన్లేదండి."

"నిజంగానా?"

"నిజంగానే. కాగితం వేస్ట్ చెయ్యొద్దన్నారు, అంతే."

"పోనీలే, మంచిదయింది." సైదా గొంతు తగ్గించాడు. "అది కాదమ్మా, ఇయ్యాళ రద్దీ ఉంది. నువ్వా పాత పుస్తకాలు ఎప్పుడు మొదలెడతావో ముందే చెబితే, ఇక్కడ మనుషులకి కాస్త నీడ చూస్తా. కుర్చీలేపిస్తా."

వైదేహి తెర చూసింది.

"పొద్దుట్నుంచీ ఎక్కుతున్నయ్యండి. రెండు వేల ఏడు పుస్తకం నడుస్తోంది."

అవతల కిటికీ దగ్గర ఎవరో గట్టిగా తుమ్మారు. ఒక లారీ కదిలి వెళ్ళిన చప్పుడు, దాని వెనకే ఇంకోటి వచ్చి ఆగిన చప్పుడు వినిపించాయి.

"ఉండమ్మా" అన్నాడు సైదా. "మనిషొచ్చాడు."